దొరసాని సీసా

మొన్న ఆదివారం మా మనవడు నా మంచం మీద మూడు సెంటు సీసాలు వరసగా పెట్టి, నా మొహంలోకి వంగి, "తాతా, సూంఘ్ కే బోలో, కౌన్ సా అచ్ఛా హై?" అన్నాడు. వాడు గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడు. నేను వాడితో తెలుగులో మాట్లాడతాను, వాడు నాకు హిందీలో జవాబు చెబుతాడు, ఇద్దరికీ ఇబ్బంది లేదు. వాసన చూసి ఏది బాగుందో చెప్పమని వాడి గోల. నేను వాసన చూడలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, మూడు సీసాల మీదా ఏం రాసి ఉందో వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. "పఢ్‌నా నహీ తాతా, సూంఘ్‌నా హై!" చదవమన్లేదు, వాసన చూడమన్నానని వాడు విసుక్కున్నాడు. చదవకుండా సెంటు కొన్నవాడి గతి ఏమవుతుందో నీకు తెలీదురా అన్నాను. అయితే చెప్పమన్నాడు. సగం విన్నాక ఫోను మోగింది, లేచి వెళ్ళిపోయాడు. మిగతా సగం నా దగ్గర ఉండిపోయింది కాబట్టి మొదటి నుంచీ ఇక్కడ రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై రెండో ఏట. చిన్నప్పుడు బడి లేక కాదు. గోల్‌మురిలో మా క్వార్టర్ల లైను చివరే బడి ఉంది, పలక ఉంది, చెవి పట్టుకుని పంపే మనిషీ ఉంది. నేనే పారిపోయేవాణ్ణి. రైలు పట్టాల పక్కన కూర్చుని వ్యాగన్లు చూస్తూ పొద్దు గడిపేవాణ్ణి. పేదరికం అడ్డొచ్చిందనో, పంతులు కొట్టాడనో రాసుకుంటే వినడానికి బాగుంటుంది గాని అది అబద్ధం. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి నాకు వచ్చిన రాత ఒక్కటే, వేలిముద్ర.

నన్ను పెంచింది మా మామ్మ, అంటే మా నాన్న తల్లి. నేను నడక నేర్చేలోపే అమ్మ పోయింది. నాన్న షిఫ్టుల మనిషి, ఇంట్లో ఉన్నా నిద్రలోనే ఉండేవాడు. మామ్మ శ్రీకాకుళం వైపు నుంచి తాతతో ఈ హిందీవాళ్ళ ఫ్యాక్టరీల ఊరికి వచ్చి, ఒక ఇంగ్లీషు దొర బంగళాలో పదిహేనేళ్ళు ఆయాగా చేసింది. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకి దొరా దొరసానీ సామాను కట్టుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోతూ నౌకర్లని పిలిచి ఎవరికేం కావాలో అడిగారట. ఒకరు కుర్చీ అడిగారు, ఒకరు దుప్పట్లు అడిగారు, వంటాయన గోడ గడియారం అడిగాడు. మామ్మ దొరసాని అలమారలో మూత తియ్యకుండా ఉన్న యూడీకొలోన్ సెంటు సీసా అడిగింది. జానెడు ఎత్తు, గాజు మూత, ఆకుపచ్చ కాగితానికి బంగారు అంచు. దొరసాని ఆశ్చర్యపోయి రెండుసార్లు అడిగి మరీ ఇచ్చిందట.

ఇక్కడి మా తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఆ రోజుల్లో యూడీకొలోన్‌కి రెండే పనులు. జ్వరం ముదిరితే గుడ్డ తడిపి నుదుటి మీద వేయడానికి ఒకటి. మనిషి పోతే, కడిగి బట్టలు తొడిగి శవపేటికలో పడుకోబెట్టాక పైన చల్లడానికి ఇంకొకటి. బతికున్నవాడు పూసుకుని తిరిగే వస్తువు కాదది. లైనులో ఆ వాసన వచ్చిందంటే పక్కింటివాళ్ళు చేతిలో గిన్నె కింద పెట్టి "ఎవులికి?" అంటూ వచ్చేవాళ్ళు. మామ్మ ఆ సీసా తెచ్చుకున్నది తన కోసమే, అదీ రెండో పని కోసమే. ట్రంకు పెట్టె అడుగున తెల్ల చీర, తెల్ల జాకెట్టు, చేతిలో పెట్టవలసిన లేసు రుమాలు, వాటి మధ్యన ఆ సీసా. ట్రంకుకి తాళం వేసేది కాదు. ఇంట్లో దొంగలెవరని?

ఆమె పట్టుదలకి కారణం ఉంది. మా తాత అంతకుముందే ఒక మే నెలలో పోయాడు. పాదిరిగారు చక్రధర్‌పూర్ నుంచి రైల్లో రావాలి, ఆయన దిగేసరికి మర్నాడు సాయంత్రమైంది. ఈ ఊరి మే నెల తెలిసినవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. చుట్టూ నిలబడి పాట పాడవలసినవాళ్ళు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని పాడారట. మామ్మ ఈ సంగతి ఏడుస్తూ చెప్పేది కాదు, కోపంగా చెప్పేది. "ఎవులికీ ఎదురు సెప్పనోడ్రా మీ తాత. అలాటోడి మీదకొచ్చి ముక్కులు మూసుకున్నారు. నా దగ్గర మాత్రం ఎవుడూ ముక్కు మూయకూడదు." ఆమె ఈ లోకంలో కోరుకున్నది అదొక్కటే. నేను దొంగిలించింది కూడా దాన్నే.

పద్దెనిమిదో ఏట నన్ను కార్ఖానాలో తగరం పూత షెడ్డులో పెట్టారు. ఇనుప రేకుని ముందు యాసిడ్‌లో కడగాలి, కరిగిన తగరంలో ముంచాలి, తర్వాత కాగే పామాయిల్లోంచి పైకి లాగాలి. రేకు వెండిలా మెరుస్తూ వచ్చేది. లాగినవాడు మాత్రం గారెలు మాడిన మూకుడులా తయారయ్యేవాడు. ఆ వాసన బూడిదతో తోమినా పోదు, బట్టల సబ్బుకి పోదు, నిమ్మచెక్కకీ పోదు. వెంట్రుకల్లో, గోళ్ళ కింద, పడుకున్న చాపలో కూడా అదే. విచిత్రం ఏమిటంటే నాకు అది తెలిసేది కాదు. నా వాసన నేను ఎదుటివాళ్ళ మొహాల్లో చూసి తెలుసుకునేవాణ్ణి.

చర్చిలో నన్ను క్వయర్‌లో చేర్చుకున్నారు. పాటల పుస్తకం చదవలేకపోయినా రెండుసార్లు వింటే పాట వచ్చేసేది, గొంతు కూడా బాగుండేది. ఇప్పుడు లేదు లెండి. కద్మా నుంచి ఒక పంతులుగారి అమ్మాయి వచ్చేది, సరిగ్గా నా ముందు వరసలో నిలబడేది. ఒక ఆదివారం పాట మధ్యలో, వెనక్కి తిరక్కుండానే, పైట కొంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పాట మాత్రం ఆపలేదు. ఆ తర్వాతి వారం మా బెంచీ మీద నాకు అటొక మనిషి, ఇటొక మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడింది. పాడుతుంటే నా గొంతు నాకే పెద్దగా వినపడింది. ఇంటికొచ్చి మోచేతులు రక్తం వచ్చేదాకా ఇటుక ముక్కతో రుద్దుకున్నాను.

పై ఆదివారం పొద్దున్న మామ్మ స్నానానికి వెళ్ళినప్పుడు ట్రంకు తెరిచాను. మూత తిప్పుతుంటే గాజు కిర్రుమన్న చప్పుడు నాకింకా గుర్తు. నారింజ తొక్క గిల్లితే కళ్ళల్లోకి చిమ్ముతుందే, అలాంటి చురుకు ముందు తగిలింది, దాని వెనక ఏవో తెలియని చల్లటి ఆకులు. మెడకి రెండు చుక్కలు, చంకలకి రెండు, చొక్కా కాలరుకి ఒకటి. మామ్మ రాయిలా ఉంది, ఇప్పట్లో దానితో పనిలేదు, ఐదు చుక్కలకి ఏమవుతుంది అనుకున్నాను. చర్చి గుమ్మంలో ఒకాయన ముక్కు ఎగబీల్చి "ఎవులికిరా బాబూ జ్వరం?" అన్నాడు. నాకే తలపోటు, నుదుటి మీద గుడ్డేసుకున్నానని చెప్పాను. ఆ రోజు ముందు వరసలో కొంగు లేవలేదు. బెంచీ మీద మనుషులు దగ్గరికి జరిగారు. ప్రసంగం ఒక్క ముక్క వినలేదు, అంత సంతోషం నాకు.

అలా మూడు ఆదివారాలు. ఐదు చుక్కలు పదయ్యాయి, పది అరచేతిలో గుంట అయింది. నాలుగో వారం సీసా వెలుతురులో పెట్టి చూస్తే రెండు వేళ్ళ మేర తగ్గింది. బుర్రకి తోచిన ఉపాయం ఏమిటంటే, మా వీధిలో పాలవాడు చేసేదే. కుండలోంచి చెంబెడు మంచినీళ్ళు ముంచి, సన్నటి ధారగా సీసాలో పోశాను. నీళ్ళలాగే కనిపించే కొలోన్‌లో నీళ్ళు పోస్తే తేడా ఎవరికి తెలుస్తుంది? పోస్తుండగానే సీసాలో పొగ మేఘంలా ఏదో తిరిగింది. మూత పెట్టేసరికి సీసా మొత్తం కలినీళ్ళలా తెల్లగా అయిపోయింది. ఊపాను, ఇంకా తెల్లబడింది. కాసేపు ఆగితే తేరుకుంటుందేమో అనుకున్నాను. తేరుకోలేదు. చీర మడతల్లోకి తోసి, ట్రంకు మూసి, చర్చికి వెళ్ళాను. ఆ రోజు పామాయిలు వాసనతోనే పాడాను, ఎవరు ఏం మూసుకున్నారో చూడలేదు.

సోమవారం, మంగళవారం వీలైనప్పుడల్లా ట్రంకు తెరిచి చూశాను. తెలుపు తెలుపే. బుధవారం మామ్మకి జ్వరం వచ్చింది. శుక్రవారానికి ఊపిరి పీలుస్తుంటే గొంతులో గులకరాళ్ళు దొర్లిన చప్పుడు. ఆసుపత్రికి రానని మంచం పట్టెలు పట్టుకుంది. డాక్టరు ఇంటికే వచ్చి చూసి, మందు రాసిచ్చి, గుమ్మం బయట నాన్నతో మెల్లగా ఏదో చెప్పి వెళ్ళాడు. నాన్న నావైపు చూడలేదు. పక్క లైనులో ఉండే మా మేనత్త, మామ్మ కూతురు, మకాం మా ఇంటికే మార్చేసింది. ఆమె పనిలో చురుకు, మాటా కత్తే. శుక్రవారం సాయంత్రం చీపురు మూల పెడుతూ, రేపు సంజెకి సంఘ పెద్దని పిలిచి ప్రార్థన పెట్టిద్దామని, ట్రంకు కూడా దించి చూపించేద్దామని అంది.

ఈ చూపించడం మా వాళ్ళ పద్ధతి. ముసలివాళ్ళు తమ బట్టలు తామే సిద్ధం చేసుకుంటారు కదా, మనిషికి స్పృహ ఉండగానే నలుగురు ఆడవాళ్ళు ఆ ట్రంకు మంచం దగ్గరికి తెచ్చి, ఒక్కొక్క వస్తువూ తీసి కళ్ళ ముందు పెడతారు. ఆ మనిషి "ఇదే" అనాలి. అన్నాక ఇక దాన్ని ఎవరూ మార్చకూడదు, తర్వాత కోడళ్ళూ కూతుళ్ళూ చీర నాది నీది అని తగువులాడకుండా. రేపు సాయంత్రం నలుగురి మధ్య ఆ తెల్లటి సీసా బయటికొస్తుంది. మామ్మ దాన్ని చూస్తుంది. పోయే ముందు ఆమె ఈ లోకంలో చూసే ఆఖరి సంగతి అదవుతుంది.

శనివారం నాది పొద్దుటి షిఫ్టు. బయల్దేరేటప్పుడు సీసాని నా గంఛా తువ్వాల్లో చుట్టి సైకిలు సంచిలో పెట్టుకున్నాను. ఎనిమిది గంటలు నూనె కొలిమి ముందు ఎలా నిలబడ్డానో తెలీదు. రెండుసార్లు రేకు అంచు చెయ్యి కోసింది. రెండింటికి కార్ఖానా కూత వినపడగానే కాళ్ళూ చేతులూ కూడా కడుక్కోకుండా బిష్టుపూర్ బజారుకి సైకిలు తొక్కాను. అక్కడ దొరలు, పెద్ద ఆఫీసర్లు సామాను కొనే దుకాణం ఒకటుంది. నేనెప్పుడూ లోపల అడుగు పెట్టలేదు. అద్దాల బీరువాల మధ్య కళ్ళద్దాల సేఠ్ ఒకాయన కూర్చుని ఉన్నాడు. నేను గుమ్మం దాటగానే ఆయన ముక్కు ముడుచుకుంది. అలవాటే గదా.

గంఛాలో సీసా తీసి చూపించి, ఇలాంటిదే ఇవ్వమంటే సరిపోయేది. కాని తగరం షెడ్డు కూలివాడి చేతిలో దొరసాని సీసా చూస్తే ఎక్కడిదంటాడు? ఎక్కడ దొంగిలించావంటాడు. దొంగిలించిన మాట నిజమే కూడా. సంచి వీపు వెనక దాచుకుని, కొలోన్ కావాలన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "కిస్ కే లియే? మర్ద్ కే లియే, యా ఔరత్ కే లియే?" అన్నాడు. మగవాళ్ళకా, ఆడవాళ్ళకా అని అడుగుతున్నాడు. ఇంట్లో మంచం మీద ఉన్న ముసలావిడ కోసం, ఆమె శవం మీద చల్లడానికి, అనలేకపోయాను. నోట్లోంచి "అప్నే లియే" అని వచ్చేసింది. నా కోసమే. ఆ రెండు మాటల కోసం నేను తర్వాత చాలా ఏళ్ళు నన్ను తిట్టుకున్నాను.

సేఠ్ మూడు సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. "పఢ్ లో," చదువుకో, అన్నాడు. ఒకటి ఎత్తి కళ్ళ దగ్గర పెట్టుకుని పెదాలు కదిపాను. ఆయన చెయ్యి చాపి, నా చేతిలో సీసాని మెల్లగా తలకిందుల నుంచి తిన్నగా తిప్పి పెట్టాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. తర్వాత ఒక్కొక్కటే మూత తీసి నా మణికట్టు మీద రాశాడు. నేను వాసన చూశాను. పామాయిలు. రెండోది చూశాను. పామాయిలు. ఎనిమిది గంటలు కొలిమి ముందు నిలబడ్డ ముక్కుకి మూడూ ఒకటే. బయట ఎండ వాలుతోంది, సంజె లోపల ఇంట్లో ట్రంకు తెరుస్తారు. మూడింట్లో ఒకదాని మీద ఆకుపచ్చ కాగితం ఉంది, దానికి బంగారు అంచుంది. చర్మం మీద చల్లగా కూడా తగిలింది. దొరసాని సీసా కూడా చల్లగానే తగిలేది. నాకు దొరికిన పోలిక అంతే. అదే ఇమ్మన్నాను.

బజారు వెనక కల్వర్టు మీద కూర్చుని పాత సీసా మూత తీసి, తెల్లటి నీళ్ళు మురిక్కాలవలోకి వంపేశాను. దొరసాని అలమారలో, మామ్మ ట్రంకులో అన్నేళ్ళు కదలకుండా ఉన్నది గుటగుటా పోయింది. ఎక్కడిదో ఒక మేక వచ్చి కాలవలోకి మూతి పెట్టి, తుమ్మి వెళ్ళిపోయింది. నీళ్ళతో కడగడానికి భయమేసింది, నీళ్ళతో ఒకసారి అయింది చాలు. జిలేబీ బండివాడి దగ్గర, జిలేబీలు పెట్టిచ్చే సాలాకు ఒకటి అడిగి, గరాటులా చుట్టి, కొత్త సీసాలోది పాత సీసాలోకి పోశాను. నిండింది. పైకెత్తి ఎండలో చూస్తే లేత పచ్చ రంగు. పాతది నీళ్ళలా తేటగా ఉండేది. ఇప్పుడేం చెయ్యను? తిరిగి దుకాణానికి వెళ్ళడానికి టైము లేదు. సైకిలెక్కాను. సాక్చి దాటుతుండగా గొలుసు ఊడింది. గొలుసు ఎక్కిస్తూ నేను చేసిన ప్రార్థన ఇప్పటిదాకా ఏ చర్చిలోనూ చెయ్యలేదు.

ఇంటి ముందు చెప్పులు ఉన్నాయి. మా మేనత్త ముందే మొదలుపెట్టేసింది. ట్రంకు మంచం పక్కన తెరిచి ఉంది, చుట్టూ నలుగురు ఆడవాళ్ళు, గోడ దగ్గర సంఘ పెద్ద బైబిలు పట్టుకుని, నాన్న గుమ్మానికి చేరగిలబడి. తెల్ల చీర చూపించారు, మామ్మ కళ్ళు మూసి తెరిచి "ఇదే" అంది. జాకెట్టు, "ఇదే". రుమాలు, "ఇదే". అత్త చెయ్యి ట్రంకు అడుగున తడిమి ఆగింది. "సీసా ఏదే? ఎవులు తీసినారు?" అని అందర్నీ చూసి, చివరికి గుమ్మంలో రొప్పుతున్న నన్ను చూసింది. "ఒరే గుంటడా, సీసా ఏటైంది?"

"నా దగ్గరుంది. మూత వదులైతే బిగించడానికి పట్టుకెళ్ళినాను" అని గంఛాలోంచి తీశాను. అందరూ నన్ను చూస్తున్నారు. సీసాలో పచ్చటి నీళ్ళు ఇంకా తొణుకుతున్నాయి. అత్త లాక్కుని మొహం దగ్గర పెట్టుకుంది. "ఇదేటమ్మా, ఇలగ పచ్చబడిపోనాది?"

మంచం మీంచి మామ్మ గొంతు గులకరాళ్ళ మధ్య నుంచి వచ్చింది. "పాతబడితే పచ్చబడదేటి? నువ్వు పడనేదేటి? ఇలా తే." అత్త మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టింది. నా ముక్కుకి ఏమీ తెలియలేదు గాని, పక్కనున్న ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకోవడం చూశాను. మామ్మ ఒక పీల్పు పీల్చింది. సీసా వైపు చూడలేదు, నా వైపు చూసింది. నా చేతి మీద రేకు కోసిన గాట్లు, కడుక్కోని మొహం, చెమటకి అంటుకున్న చొక్కా, అన్నీ చూసింది. నాకు తెలిసి ఆ చూపు ఇప్పటికీ పూర్తవలేదు. తర్వాత "ఇదే" అంది. "మూత గట్టిగా పెట్టండి." సంఘ పెద్ద ప్రార్థన మొదలుపెట్టాడు. నేను వెనక్కి నడిచి పెరట్లోకి వెళ్ళి, అప్పుడు కాళ్ళూ చేతులూ కడుక్కున్నాను.

మామ్మ చావలేదు. వారం తిరిగేసరికి గంజి తాగి, ఉప్పు తక్కువైందని అత్తని తిట్టింది. అత్త కోపం వచ్చి తన ఇంటికి వెళ్ళిపోయింది, అంతా మామూలైంది. అప్పుడు ఒక మధ్యాహ్నం నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "ఒరే, ఇలా కూకో. సీసాలోది ఏటి?"

"కొలోనే మామ్మా."

"నోర్ముయ్. పదేనేళ్ళు సేసినాను ఆ బంగళాలో. దొరసాని గదీ నానే తుడిసీదాన్ని, దొర గదీ నానే తుడిసీదాన్ని. పొద్దుటే దొర గెడ్డం గీసుకున్నాక బుగ్గలకి తట్టుకునీవోడు, అదిరా అది." ఆమె మొహం గంభీరంగానే ఉంది. "దొరసానిలాగ పోదామనుకున్నాను గదరా. నువ్వు నన్ను దొరలాగ పంపుతన్నావు." అని, ఇక ఆపుకోలేక నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగి, దగ్గు నవ్వులోకి తిరిగి, నేను వీపు రాస్తూ ఏడుస్తుంటే కూడా నవ్వుతూనే ఉంది.

అయితే అందరి ముందూ ఇదే అని ఎందుకన్నావని అడిగాను. "నలుగురి ముందు నిన్ను దొంగని సెయ్యమంటావేటి? నాను పోతే పోతాను. నువ్వు ఈ లైన్లోనే గదా బతకాల." మొదటి ఆదివారమే తనకి తెలుసునట. ఆడవాళ్ళ వరసలోంచే తన చావు వాసన నా మీంచి వచ్చిందట. సోమవారం ట్రంకు తెరిచి తెల్లబడ్డ సీసా కూడా చూసిందట. మరి ఎందుకు ఊరుకున్నావంటే ఆమె చెప్పిన మాట నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. "ఆ పంతులు గారి గుంట ముక్కుకి కొంగెట్టుకోడం నాను సూడనేదేటి? మీ తాత దగ్గర సూసినాను, మల్లీ నీ దగ్గర సూసినాను. సచ్చినోడి దగ్గర మూసుకుంటే ఆడికి తెల్దు. నీకు తెలుత్తాది గదా. అడిగితే నానే పోసీదాన్నిరా, దొంగతనమెందుకు? అందులో నీళ్ళు పోయడమెందుకు, ఎదవా?"

మంచిది వెతికి తెస్తానన్నాను. వద్దంది. నలుగురి ముందు ఇదే అన్నాక ఇక ఇదేనట, మార్చకూడదట. దాని బదులు అక్షరాలు నేర్చుకోమంది. సరేనన్నాను. నేర్చుకోలేదు. మామ్మ మరో ఆరేళ్ళు బతికింది, ఆ ఆరేళ్ళలో నేను ఒక్క అక్షరం దిద్దలేదు. దానికీ కారణం ఏమీ లేదు, బద్ధకం. ఆ పంతులుగారి అమ్మాయి పెళ్ళి చేసుకుని ఖరగ్‌పూర్ వెళ్ళిపోయింది. నాకేం బాధ కలగలేదు. అది కూడా అబద్ధమే, కలిగింది.

మామ్మ పోయిన రోజు కూడా ఎండే. పాదిరిగారు ఈసారి ఊళ్ళోనే ఉన్నారు. అత్త సీసా మొత్తం, తలనుంచి పాదాల దాకా, చుక్క మిగల్చకుండా చల్లింది. "దొరసాని సీసా, ఎంత బాగుందో" అన్నారు జనం. ఎవ్వరూ ముక్కు మూయలేదు. నేను ఒక్కొక్కరి చెయ్యీ చూస్తూనే నిలబడ్డాను, ఒక్క తువ్వాలు లేవలేదు. ఆ బంగళాలో వంట చేసిన ముసలాయన ఒకడు మూల నిలబడి ఉన్నాడు, గడియారం తెచ్చుకున్నాయన. ఆయన ముక్కు ఒకసారి అదిరింది. చప్పున నిటారుగా నిలబడి, చొక్కా సర్దుకుని, గుమ్మం వైపు తిరిగి చూశాడు, దొర వచ్చాడేమోనని. నాకు నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను. సంఘ పెద్ద నా భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్ళాడు.

నలభై రెండో ఏట మా ఆవిడ దగ్గర పాటల పుస్తకం మీద వేలు పెట్టి తెలుగు నేర్చుకున్నాను. తర్వాత మా అమ్మాయి ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది. సాలాకుతో వంపిన ఆ రెండో సీసాని పారెయ్యకుండా సైకిలు పనిముట్ల డబ్బాలో పడేసి ఉంచాను. ఒక రోజు దాన్ని తీసి, తిన్నగా పట్టుకుని, ఒక్కొక్క అక్షరమే కలుపుకుంటూ చదివాను. గడ్డం గీసుకున్న తర్వాత వాడవలెను, అని ఉంది. ఎంత స్పష్టంగా ఉందంటే, చిన్నపిల్లలు కూడా చదివేస్తారు.

మా మనవడు ఫోను మాట్లాడి తిరిగొచ్చి, సగంలో ఆపిన కథ సంగతి మర్చిపోయి, చివరికి మూడింట్లో తనకి నచ్చినదే పూసుకుని వెళ్ళిపోయాడు. వాడు వెళ్ళాక ట్రంకు దించాను. మామ్మ ట్రంకే. ఇప్పుడందులో నా తెల్ల పంచె, తెల్ల చొక్కా ఉన్నాయి. వాటి మధ్య దొరసాని సీసా ఉంది, ఖాళీది. గాజు మూత తిప్పితే ఇప్పటికీ కిర్రుమంటుంది. అది ఖాళీ అయి ఇన్నేళ్ళయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే లోపల ఏదో చల్లగా ఉన్నట్టే తోస్తుంది. అది దొరసాని వాసనో, దొర వాసనో, ఇన్నేళ్ళ తర్వాత నేను కూడా చెప్పలేను.